31 డిగ్రీల దగ్గర దక్షిణ ధ్రువకాంతి: కూనబారబ్రన్ ప్రయాణం

ఆస్ట్రేలియాలో దక్షిణ ధ్రువకాంతిని ఫోటో తీయాలంటే ఎవరైనా ముందు చెప్పేది టాస్మానియా. హోబార్ట్ దాదాపు 43 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది, అక్కడి తీరాన నిలబడి దక్షిణానికి తిరిగితే ఎదురుగా సముద్రమే. సిడ్నీకి వాయవ్యంగా రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే కూనబారబ్రన్ పేరు ఈ సందర్భంలో ఎవరూ ఎత్తరు. ఆ ఊరు 31 డిగ్రీల దగ్గర ఉంది. 2024 మే 11, శనివారం నేను వెళ్ళింది అక్కడికే. టాస్మానియాకు అప్పటికప్పుడు విమానం టికెట్టు దొరకలేదు, సిడ్నీ దీపాల వెలుగులో ప్రయత్నించడం వృథా.

ఆ వారంలో 3664 సంఖ్య గల సూర్యమచ్చల సమూహం వరుసగా విస్ఫోటాలు పంపింది. శనివారం తెల్లవారుజామునే భూమిని తాకిన భూ అయస్కాంత తుపాను అత్యున్నత స్థాయి అయిన జీ5కు చేరింది. 2003 అక్టోబరు తరువాత అంతటిది రావడం అదే మొదలు. అంత బలమైన తుపానులో దూరాన ఉన్న ధ్రువకాంతి కూడా ఎలా కనిపిస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ వెలుగు నేలకు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది, ఎర్రని వెలుగు 200 కిలోమీటర్లకు పైన. 110 కిలోమీటర్ల ఎత్తులోని ఆకుపచ్చ తెర 1,200 కిలోమీటర్లు దాటితే భూమి వంపు చాటుకు వెళ్ళిపోతుంది. 300 కిలోమీటర్ల ఎత్తులోని ఎరుపు మాత్రం 1,900 కిలోమీటర్ల అవతలి నుంచి కూడా దిగంతం మీద తల ఎత్తుతుంది. అందుకే దూరం నుంచి తీసిన ఫోటోల్లో ఎరుపే ఎక్కువ. అది ఎడిటింగ్ మాయ అనుకునేవారు చాలామంది ఉన్నారు.

ముందస్తు సమాచారానికి ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ నడిపే అంతరిక్ష వాతావరణ కేంద్రం చాలు, హెచ్చరికలు ఉచితంగా వస్తాయి. డబ్బు తీసుకునే యాప్‌లు చాలావరకు అవే అంకెలకు రంగులద్ది చూపిస్తాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలపడిందో చెప్పే కేపీ సూచికను అందరూ చూస్తారు కానీ అది మూడేసి గంటలకు ఒక అంకె. నేను చూసేది బీజడ్ విలువ. సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహమైన సౌరపవనంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందో లేదో అది చెబుతుంది, అలా తిరిగితేనే ధ్రువకాంతి బలపడుతుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఉపగ్రహాలు దాన్ని కొలుస్తాయి కాబట్టి, మనకు దొరికే వ్యవధి గంటలోపే. అంటే కబురు వచ్చాక బయలుదేరితే కుదరదు, అప్పటికే ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి.

ఇక చోటు. ఊరికి పడమరగా ఉన్న వారంబంగిల్ జాతీయ ఉద్యానం 2016లో దక్షిణార్ధగోళపు తొలి చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తింపు పొందింది. దాని పక్కనే సైడింగ్ స్ప్రింగ్ వేధశాల. పాలపుంతను తీయడానికి ఉద్యానంలోని క్యాంప్ బ్లాక్‌మన్ అద్భుతమైన చోటు. ధ్రువకాంతికి మాత్రం సిఫారసు చేయను. లోయలో ఉంది, దక్షిణాన గ్రాండ్ హై టాప్స్ కొండలు అడ్డు. 31 డిగ్రీల నుంచి మనకు కావలసినదంతా దిగంతానికి దగ్గరలోనే ఉంటుంది మరి. పైగా ఆ లోయలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం, బీజడ్ చూసే దారి ఉండదు. గుడారం వేయాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి.

నేను ఊరికి దక్షిణాన, బిన్నవే వెళ్ళే దారిలో, పొలాల పక్కన రోడ్డు వెడల్పుగా ఉన్నచోట కారు ఆపాను. సాయంత్రపు వెలుగు పూర్తిగా తగ్గకముందే మబ్బుల సందుల్లో గులాబీ రంగు మొదలైంది. నెలవంక త్వరగానే దిగిపోయింది. చీకటి పడ్డాక కంటికి కూడా ఎరుపు తెలిసింది, అయితే కెమెరా తెరమీద కనిపించినంత గాఢంగా కాదు. చిన్న మెజెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీ ఆ ఎరుపులో మునిగింది. పైన ఆగ్నేయంలో దక్షిణ శిలువ నక్షత్రరాశి మామూలుగానే మెరుస్తోంది. నిలువు చారలు పడమరకు జరుగుతూ పోయాయి.

20 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్2.8, ఐఎస్‌ఓ 3200తో 15 సెకన్లు పెడితే రంగు నిండుగా వచ్చింది, చారలు మాత్రం కలిసిపోయాయి. ఐఎస్‌ఓ, అంటే కెమెరా కాంతి సున్నితత్వం, పెంచి 6 సెకన్లకు దించితే చారలు విడివిడిగా పడ్డాయి, కాస్త మచ్చలు వచ్చినా అవే నాకు నచ్చిన ఫోటోలు. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకండి, ఎరుపును తప్పుగా భావించి చల్లార్చేస్తుంది.

బస ఊళ్ళోని ఒక మోటెల్‌లో. గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. మే నెల రాత్రి చలికి ఆ హీటరే సగం విలువ. ఆవరణలో రాత్రంతా వెలిగే దీపాల వల్ల గుమ్మం నుంచి ఒక్క ఫోటో కూడా సాధ్యం కాదు. వేధశాల కోసం 200 కిలోమీటర్ల మేర దీపాలపై మార్గదర్శకాలున్న ప్రాంతంలో ఇదేమిటని నాకు కాస్త చిరాకు వేసింది. వంటగది పెందలాడే మూసేశారు, కాబట్టి తిండి, పెట్రోలు పొద్దు ఉండగానే చూసుకోవాలి. తిరుగుదారిలో కంగారూలు రోడ్డెక్కుతాయి, నెమ్మదిగా నడపక తప్పదు.

వేధశాలను పగలే చూడాలి, రాత్రి సందర్శకులను పైకి రానివ్వరు. 1974లో ప్రారంభమైన 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోపు, 2013 కార్చిచ్చు చుట్టుముట్టినా మిగిలిన ఆ తెల్లని గుమ్మటం, ఒక పూట కేటాయించదగినవే. మళ్ళీ వెళ్తే మోటెల్ కాకుండా పొలంలో గది ఇచ్చేవారిని వెతుకుతాను. అద్దె అడిగేముందే దక్షిణం వైపు కొండ ఉందా, దీపం ఉందా అని అడుగుతాను.