కొత్త పీసీలో డ్రైవ్ ఆన్ కావట్లేదా: ఇంట్లో చూసుకోవాలా, సీటీసీకి మోసుకెళ్లాలా?

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, హార్డ్ డిస్క్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవర్ పట్టాలా, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి (సీటీసీ) ఆటో మాట్లాడాలా?

ఖర్చు: ఇంట్లో దాదాపు సున్నా. షాపులో చెకింగ్ చార్జీ, పైగా ఆటో కిరాయి.

శ్రమ: ఇంట్లో అయితే ప్లగ్ తీసేసి, డ్రైవ్‌కి కరెంటు ఇచ్చే సాటా పవర్ కేబుల్‌ని రెండు చివర్లా గట్టిగా నొక్కాలి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లో (అంటే కేబుళ్లు విడిగా ఊడొచ్చే పవర్ సప్లై డబ్బాలో) సప్లై వైపు చివరను చాలామంది మర్చిపోతారు. ఆన్ చేసి డిస్క్ మీద వేలు పెట్టండి. సన్నగా వణుకుతుంటే పవర్ అందుతున్నట్టే, ఇక డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే డేటా కేబుల్ సంగతి చూడాలి. లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వణకదు, దాన్ని పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్ బయోస్‌లోనే వెతకాలి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ (చిన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) వాడితే డేటా కేబుల్ గుచ్చే సాటా పోర్టులు ఒకటి రెండు ఆగిపోతాయి, బోర్డు మాన్యువల్ తిరగేయండి. షాపువాళ్లయితే వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చిటికెలో తేల్చేస్తారు. కానీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న కేబినెట్‌ని మన గుంతల రోడ్ల మీద తీసుకెళ్లడమే అసలు టెన్షన్.

రిస్క్: పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఇంట్లో ఉంది కదా అని కొత్తదానికి పెట్టకండి. ప్లగ్ సరిపోయినా లోపలి పిన్నుల వరస వేరు కావచ్చు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డ్రైవ్ కాలిపోతుంది.

అన్ని డ్రైవ్‌లూ మొండికేస్తే తప్పు కేబుల్‌దో ఎస్‌ఎంపీఎస్‌దో అయి ఉంటుంది, ముందు ఇంట్లోనే చూడండి. కేబుల్ మార్చినా ఒక్కటే లేవకపోతే బిల్లుతో ఆ డ్రైవ్ ఒక్కదాన్నే షాపుకి పట్టుకెళ్లండి. కాలిన వాసన వస్తే మాత్రం మళ్లీ ఆన్ చేయకుండా నేరుగా సీటీసీకే.