రాయచూరు గుర్రాలు, కరిగిన స్విచ్చి: ఏ పుస్తకం మేలు?

మా కాలనీ గ్రంథాలయమంటే సంఘం ఆఫీసు వెనక ఒక గది, అందులో నాలుగు ఇనుప బీరువాలు. ఈ ఏడు కొత్త పుస్తకాల కోసం పన్నెండు వేల రూపాయలు పక్కన పెట్టారు. ఆ పన్నెండు వేల మీద రెండు పక్షాలు లేచాయి. సాయంత్రం నడకకు వచ్చే పెద్దలు యుద్ధ చరిత్రలు కావాలన్నారు. మా మేనల్లుడి ఈడు కుర్రాళ్లు కార్లను మార్చుకునే విద్య నేర్పే పుస్తకాలు కావాలన్నారు: ఇంజన్ బలం పెంచడం, రిమ్ములు, దీపాలు, సస్పెన్షన్, సైలెన్సర్. నాకు రెండు పిచ్చులూ ఉన్నాయని కర్నూలులో నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. అందుకని చదివి తీర్పు చెప్పమన్నారు. రెండు నెలలు పట్టింది. ఇరవైకి పైగా పుస్తకాలు తిరగేశాను. కొన్ని తెలుగువి, ఎక్కువ ఇంగ్లీషువి.

పైకి చూస్తే రెండు జాతులూ కవలలే. ఒకదాని అట్ట మీద ఫిరంగి నిప్పు, ఇంకోదాని అట్ట మీద సైలెన్సర్ నిప్పు. లోపల రెండిటికీ ఒకటే జబ్బు, గొప్పలు. మన సీమలో ఆ రెండు గొప్పలకూ చోటుంది. తళ్లికోట ఓటమి తర్వాత, 1565లో, విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. ఆ పెనుకొండ దగ్గరే కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. మా మేనల్లుడి స్నేహితులిద్దరు అక్కడ పని చేస్తున్నారు. కార్ల పక్షానికి బలం అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

యుద్ధ చరిత్ర ఏది చేతికి వచ్చినా నేను ముందు రాయచూరు పేజీ తెరుస్తాను. మనకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, 1520 వేసవిలో జరిగిన యుద్ధం, మన రాయలవారి విజయం. దాని గురించి ఎక్కువ వివరాలిచ్చినవాడు నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. అతను రాసింది యుద్ధమైన పదిహేనేళ్లకు. రాబర్ట్ సూయెల్ 1900లో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. నూనిజ్ లెక్కలో రాయల సైన్యం 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. మా పెద్దలు మెచ్చిన పుస్తకం ఈ మూడు అంకెలనూ పెద్ద అక్షరాల్లో వేసి, కింద ఒక్క ప్రశ్న కూడా వేయకుండా దాటిపోయింది.

నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. గుర్రం రోజుకు ముప్ఫై లీటర్లకు తక్కువ తాగదు. మనిషికి మూడు లీటర్లు, ఏనుగుకు నూట యాభై అనుకుందాం. ఆ లెక్కన గుర్రాలకు తొమ్మిది లక్షల డెబ్భై ఎనిమిది వేల లీటర్లు, మనుషులకు ఇరవై ఒక్క లక్ష, ఏనుగులకు ఎనభై వేలు. పదివేల లీటర్ల ట్యాంకర్లలో పోస్తే రోజుకు మూడు వందల ట్యాంకర్లు దాటుతాయి. మే నెలలో ఒక్క ట్యాంకర్ కోసం ఎన్ని ఫోన్లు చేయాలో మా కాలనీలో అందరికీ తెలుసు. నూనిజ్‌కు కూడా ఈ చింత తట్టింది. సగం సైన్యం దాటేసరికి వాగులో నీళ్లు అయిపోయాయని, నీటితిత్తులు మోసేందుకే వేలమంది వెంట నడిచారని అతనే రాశాడు. గుర్రాలు అమ్ముకుని బతికినవాడు గుర్రాల సంఖ్యను ఏ చేత్తో రాశాడో, సాటి పోర్చుగీసు తుపాకీవాళ్లను కోట ముట్టడిలో ఎందుకంత పొగిడాడో అడిగే చరిత్రకారుడు నాకు కావాలి. అంకె అబద్ధమని తేల్చకపోయినా ఫరవాలేదు. అడిగితే చాలు. నేను చదివిన తొమ్మిది యుద్ధ పుస్తకాల్లో అడిగినవి రెండు.

కార్ల పుస్తకానికి ఇలాంటి పరీక్ష పెట్టడం చాలా తేలిక. టైర్ల అధ్యాయం తెరవండి. 185/65 ఆర్15 టైరు (వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో టైరు గోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాల్లో) ఉన్న కారుకు 205/65 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం 621.5 మిల్లీమీటర్ల నుంచి 647.5కు పెరుగుతుంది. అంటే స్పీడోమీటరు వంద చూపించేటప్పుడు కారు నిజానికి నూట నాలుగు మీద పోతుంటుంది. అదే 195/55 ఆర్16 వేస్తే వ్యాసం 620.9. రిమ్ము పెద్దదవుతుంది, చక్రం మాత్రం పెరగదు. ఈ లెక్క వేసి చూపించిన పుస్తకం పనికొచ్చేది. నల్ల రిమ్ముల ఫొటోలు ఆరు పేజీలు పరిచి లెక్క వదిలేసింది క్యాలెండరు. పెన్సిలు, ఐదు నిమిషాలు చాలు తేల్చడానికి. రాయచూరు గుర్రాలను తేల్చడానికి నాకు ఒక రాత్రి పట్టింది, అయినా తేలలేదు.

ఇక స్విచ్చి సంగతి. మా మేనల్లుడు పాత కారు కొన్నాడు. నంద్యాల దారిలో రాత్రి సరిగా కనబడడం లేదని, ఒక పుస్తకం చూసి హెడ్‌లైట్లలో 60 వాట్ల బల్బుల బదులు 100 వాట్లవి బిగించాడు. పుస్తకంలో ఉన్నది రెండే వాక్యాలు: పాత బల్బు తీయండి, కొత్తది పెట్టండి. పన్నెండు వోల్టుల మీద 60 వాట్ల బల్బుకు 5 ఆంపియర్లు చాలు, 100 వాట్లదానికి 8 దాటుతుంది. కరెంటు అంత పెరిగితే అదే తీగలో పుట్టే వేడి దాదాపు 2.8 రెట్లవుతుంది. పైగా రెండు బల్బుల కరెంటూ ఒకే స్విచ్చిలోంచి పోవాలి. మూడో వారం ఓర్వకల్లు దాటాక స్టీరింగు కిందనుంచి వాసన వచ్చిందట. స్విచ్చి కరిగి ముద్దయింది. "మామా, పుస్తకంలో ఈ మాట లేదే" అన్నాడు మరునాడు నా ముందు కూర్చుని. "లేదు కనుకే ఆ పుస్తకం చెడ్డదిరా" అన్నాను. వాట్లు అంత పెంచడం నిబంధనలకు కూడా విరుద్ధమని, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు కళ్లు కూడా ఉంటాయని తర్వాత చెప్పాను.

అదే వారం చేతికొచ్చిన ఇంకో పుస్తకం చూడడానికి బీదగా ఉంది. నలుపు తెలుపు బొమ్మలు. అందులో పూర్తి పేజీ నిండా కరిగిన స్విచ్చి ఫొటో, కింద రచయిత మాట: ఇది నా కారుదే. తర్వాత నాలుగు పేజీల్లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) ఎందుకు, ఎక్కడ, ఎంత మందం తీగతో, ఫ్యూజు ఎటువైపు అని విడమరచి చెప్పాడు. షెడ్డులో మెకానిక్‌కు చూపిస్తే, ఇంగ్లీషు చదవకుండానే బొమ్మ చూసి తలూపాడు.

అప్పటినుంచి నా తూనికరాయి మారింది. పుస్తకం ఏదైనా ఓడిపోయిన పేజీ ఉందా అని వెతుకుతున్నాను. యుద్ధ చరిత్రలో దీనికి నేను చూపగల గొప్ప ఉదాహరణ గండికోటది. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 1652లో అక్కడ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. ఫిరంగులు పోతపోయడానికి మీర్ జుమ్లా క్లాడ్ మాయే అనే ఫ్రెంచివాణ్ణి పెట్టుకున్నాడని, అందుకోసం గుళ్లలోని రాగి విగ్రహాలు పోగేశారని తావెర్నియే రాశాడు. గండికోట గురించిన చాలా పుస్తకాల్లో కథ ఇక్కడ ఆగుతుంది. విగ్రహాలు కరిగించారు, ఫిరంగులయ్యాయి, కోట బలపడింది. తావెర్నియే మాత్రం ఇంకా చెప్పాడు. మాయే చేతిలో ఒక్క ఫిరంగి కూడా పూర్తి కాలేదు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో నిలిచింది, చివరికి అతను కొలువే వదిలిపోయాడు. ఈ తోక కత్తిరించిన రచయితకు యుద్ధమూ తెలియదు, కొలిమీ తెలియదు. లోహం ఎందుకు పగిలింది, అచ్చు తడిగా ఉందా, వేడి చాలలేదా అని ఆలోచించేవాడు మెకానిక్ బుద్ధి ఉన్నవాడు. యుద్ధ చరిత్రకు ఆ బుద్ధి అవసరం, కానీ అరుదు.

కార్ల పుస్తకాలకు మరో రోగం ఉంది, యుద్ధ పుస్తకాలకు అంతగా అంటనిది. ఎక్కడో చల్లటి దేశంలో రాసింది మనకు అప్పగిస్తారు. పదిహేను డిగ్రీల గాలితో పోలిస్తే అనంతపురం మే నెల నలభై రెండు డిగ్రీల గాలి ఎనిమిది శాతానికి పైగా పలచన. టర్బో లేని ఇంజన్‌కు ఆ మేరకు ఊపిరి తగ్గుతుంది. బయటి గాలి అందే దారి చూడకుండా పెద్ద ఫిల్టరు పెట్టి, రేడియేటరు వెనకున్న వేడిగాలిని పీలిస్తే పెరిగేది శబ్దమే. ఆక్టేన్ (ఇంజన్‌లో పెట్రోలు ముందే పేలిపోకుండా తట్టుకునే బలానికి అంకె) సంగతి ఇంకా మోసం. అమెరికా బంకుల మీద వేసే అంకె రెండు పద్ధతుల సగటు, మనది ఒకటే పద్ధతి. అక్కడి 87 ఇక్కడి 91కి దగ్గరగా ఉంటుంది. ఆ తేడా చెప్పని అనువాదం చదివి కంప్రెషన్ పెంచుకున్నవాడి పిస్టన్లు దేవుడే కాపాడాలి. ఒక పాలు పెట్రోలు కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి అని అన్ని పుస్తకాలూ వల్లిస్తాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది దాదాపు 13.5. పదేళ్ల కిందటి పుస్తకంలో ఈ మాట ఉండే వీలే లేదు.

చట్టం కూడా పుస్తకాన్ని ముసలిదాన్ని చేస్తుంది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా, ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ముందు బంపరుకు ఇనుప కమ్మీలు బిగించడం 2017 చివర్లోనే కుదరదన్నారు. అయినా నేను చూసిన ఒక కొత్త పుస్తకంలో ఆ కమ్మీల మీద అధ్యాయమే ఉంది.

యుద్ధ చరిత్రకు ఈ బాధ లేదు. గుత్తి కోటను హైదర్ అలీ 1775-76లో ముట్టడించినప్పుడు కోటనేలే మరాఠా సర్దారు మురారిరావును లొంగదీసింది కోటలో నీళ్లు అయిపోవడమే. ఆ మాట రాసిన పుస్తకం యాభై ఏళ్ల తర్వాత కూడా నిలుస్తుంది. ఎవరికైనా అనుమానముంటే వేసవిలో గుత్తి కొండెక్కి, దాహమేశాక మళ్లీ చదువుకోవచ్చు.

యుద్ధ చరిత్ర ఇచ్చేది, కార్ల పుస్తకం ఎన్నటికీ ఇవ్వలేనిది ఇంకొకటుంది: ఎదుటివాడి సాక్ష్యం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును తీసుకోండి. ప్రభుత్వ రికార్డుల్లో అతనికి నెలకు వచ్చే తవర్జీ (పింఛను) 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ డబ్బు దగ్గర మొదలైన గొడవ 1846లో కోయిలకుంట్ల ఖజానా దాకా వచ్చింది. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. పాటల్లో తవర్జీ లెక్క ఎక్కడుంది? అక్కడ గుర్రం, కత్తి, అమ్మ శోకం. రికార్డుల్లో శోకం లేదు. రెండిటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరు ఏది దాచారో చూపించిన పుస్తకం చదివితే మనిషి బుద్ధి పెరుగుతుంది. క్లచ్ ప్లేటుకు రెండు కథలుండవు, కాలిందా లేదా అంతే. ఆ కారణంగానే కార్ల పుస్తకాన్ని నమ్మడం తేలిక, దాని దగ్గర ఎక్కువ కాలం ఉండడం కష్టం.

ఊరికి సంబంధించిన చిన్న పరీక్ష ఒకటి చెప్పి వదిలేస్తాను. కొండారెడ్డి బురుజు ఫొటో వేసుకుని, 1839లో ఇంగ్లీషువాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఎందుకు దించారో ఒక్క పేరా కూడా రాయని సీమ యుద్ధ చరిత్ర ఏదైనా నాకు చూపించకండి.

చివరికి సంఘం ఆఫీసులో బల్ల మీద మిగిలినవి రెండు. పెద్దలది ఐదు వందల పేజీలు, రంగుల అట్ట, 7,03,000 కాల్బలం. కుర్రాళ్లది కరిగిన స్విచ్చిది. నేను స్విచ్చికి ఓటేశాను. చరిత్ర కన్నా కారు మేలని కాదు, ఈ రెంటిలో నిజాయితీ ఉన్నది అదేనని. "మాస్టారూ, మీరు కూడానా" అన్నారు నడక పక్షంలో పెద్దాయన, ముఖం చిన్నబుచ్చుకుని. ఆయనకు గుర్రాల లెక్క కాగితం ఇచ్చాను. రెండు రోజులు పెట్టుకుని, ఏనుగుకు నూట యాభై లీటర్లు తక్కువ వేశారని రాసి తిరిగిచ్చారు.

ఒక పుస్తకం సరే, మిగతా డబ్బు ఏం చేయాలన్నారు. కార్లవి ఇంకేమీ వద్దన్నాను. ఐదేళ్లలో పాతబడేవాటితో ఇనుప బీరువా నింపడం దండగ. బ్రేకులు, సస్పెన్షన్ పనిచేసే తీరు మీద ఇంజనీరింగు పాఠ్యపుస్తకం ఒకటి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో చూడమన్నాను. వేగం ఎనభై నుంచి వందకు పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుందన్న సూత్రానికి పాతబడడం ఉండదు. మిగిలినదంతా యుద్ధ చరిత్రకే, అయితే తయారైన గొప్పల పుస్తకాలకు వద్దని చెప్పి, కడప జిల్లా కైఫీయత్తుల సంపుటాలు అడిగాను. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత చెప్పించుకుని రాసినవి అవి. ఏ పాలెగాడు ఏ గుట్ట మీద బురుజు కట్టాడో, ఎవరి దండు వచ్చినప్పుడు ఊరు పాడుపడిందో అందులో ఉంటుంది. పక్క ఊరి కైఫీయత్తు దాన్ని కాదంటుంది కూడా. వచ్చే ఆదివారం కడపకు పోతున్నాం, ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం దగ్గర ఏ సంపుటాలు దొరుకుతాయో అడగడానికి. బండి మా మేనల్లుడిదే. రిలే పెట్టించాడు, బల్బులు మళ్లీ అరవై వాట్లవే.