నోటీస్, అబ్జర్వ్, స్పాట్: తేడా తేల్చుకోవడానికి లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ

ఆఫీసు మెయిల్‌లోనో, ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలోనో 'గమనించాను' అని రాయాల్సి వస్తే మనవాళ్లలో చాలామంది 'ఐ అబ్జర్వ్‌డ్' అని రాసేస్తారు. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు తెరిచినా నోటీస్‌కీ, అబ్జర్వ్‌కీ, పర్సీవ్‌కీ 'గమనించు' అనే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీయే చూడాలి. ఉచితంగా దొరికేవాటిలో ఈ పనికి మొదట చెప్పదగ్గది లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్ ఆన్‌లైన్ కూర్పు. 1978లో వచ్చిన మొదటి ముద్రణ నుంచీ అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటలతోనే చెప్పడం దీని పద్ధతి. అందుకే అర్థం చదవడానికి మళ్లీ ఇంకో డిక్షనరీ అక్కర్లేదు.

నోటీస్ అని కొట్టి క్రియ ఉన్న భాగానికి వెళ్లండి. మొదటి అర్థం దగ్గరే ఆగిపోకుండా కిందికి జరిపితే 'థెసారస్' (దగ్గరి అర్థాల మాటల మధ్య తేడా చెప్పేది) అనే పెట్టె వస్తుంది. అసలు సరుకంతా అక్కడే ఉంది. ఏదైనా మన కంట పడితే, చెవిన పడితే అది నోటీస్. అంత సులువుగా కనబడనిదాన్ని చటుక్కున పట్టుకుంటే స్పాట్: జనంలో తెలిసిన మొహం, బిల్లులో తప్పు పడిన అంకె. పరికరంతోనో పరీక్షతోనో బయటపడేది డిటెక్ట్, కాబట్టి రోగానికీ గ్యాస్ లీకేజీకీ అది కుదురుతుంది. అబ్జర్వ్‌లో కొంతసేపు పట్టి చూడటం ఉంది, పైగా అది లాంఛనమైన మాట. 'నువ్వు జుట్టు కత్తిరించుకోవడం అబ్జర్వ్ చేశాను' అని స్నేహితుడితో అంటే ప్రయోగశాల నివేదికలా ఉంటుంది. అక్కడ నోటీస్ చాలు.

ఉదాహరణ వాక్యాలను తప్పకుండా చదవండి, పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి వినండి. వాక్య నిర్మాణం పట్టుబడేది వాటితోనే. తెలుగులో 'గమనిస్తున్నాను' అంటాం కదా అని 'ఐ యామ్ నోటిసింగ్' రాసేస్తారు. ఈ క్రియ మామూలుగా ఆ రూపంలో రాదు, 'ఐ నోటీస్' గానీ 'ఐ హావ్ నోటీస్‌డ్' గానీ రాయాలి.

బాగా కొంప ముంచేది నామవాచకం. 'ఐ డిడ్‌న్ట్ నోటీస్ హిమ్' అంటే అతను నా కంట పడలేదని. 'ఐ టుక్ నో నోటీస్ ఆఫ్ హిమ్' అంటే చూశాను గానీ పట్టించుకోలేదని. క్షమాపణ మెయిల్‌లో మొదటిది రాయబోయి రెండోది రాస్తే అవతలివాళ్లకు కోపం రావడం ఖాయం. 'టేక్ నోట్ ఆఫ్' మళ్లీ వేరు, మనసులో పెట్టుకోమని. కాగితం మీద రాసుకోమనాలంటే 'మేక్ ఎ నోట్ ఆఫ్'. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంతో బాగుండేది. ఇప్పుడైతే నోటీస్, నోట్ రెండు పేజీలూ తెరిచి మనమే పోల్చుకోవాలి.

అటెన్షన్ పేజీలో 'కొలొకేషన్స్' పెట్టె చూడండి. ఏ క్రియ పక్కన అటెన్షన్ వస్తుందో అక్కడ ఉంటుంది: పే, అట్రాక్ట్, డ్రా, టర్న్. మనం 'చదువు మీద శ్రద్ధ పెట్టు' అంటాం. ఆ 'మీద' వల్లే 'పే అటెన్షన్ ఆన్' అనే తప్పు పుడుతుంది. పే తర్వాత రావాల్సింది 'టు'. 'ఆన్' కావాలంటే 'ఫోకస్ ఆన్', 'కాన్సన్‌ట్రేట్ ఆన్' ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. పేజీలు పొడవు, మధ్యలో ప్రకటనలు. ఫోన్‌లో థెసారస్ పెట్టె దాకా వెళ్లేలోపే విసుగొచ్చి మూసేసేవాళ్లుంటారు. కంప్యూటర్ మీద చూడటమే మేలు. తెలుగు అర్థం ఎక్కడా దొరకదు, తెలుగువాళ్లు ఎక్కడ తప్పటడుగు వేస్తారో ఊహించి రాసిందీ కాదు. ఇంగ్లిష్‌లో చిన్న పేరా చదివి అర్థం చేసుకోగల ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ ఉద్యోగులకూ నిస్సందేహంగా పనికొస్తుంది. హైస్కూలు పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ ఆన్‌లైన్ డిక్షనరీ నయం. అదీ ఉచితమే, ముఖ్యమైన మాటల పక్కన ఎ1 (మొదటి మెట్టు), బి2 (పై మెట్టు) అని స్థాయి వేసి ఉంటుంది కాబట్టి ముందు ఏది నేర్పాలో టీచరుకు తెలిసిపోతుంది.