విషానికి దారి లేని కోర

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల మధ్య పెరిగినవారికి, వంపు తిరిగి మొనదేలిన వస్తువు ఏది చేతికొచ్చినా ముందు దాని నునుపు చూసే అలవాటు ఉంటుంది. హ్యారీ పాటర్ రెండవ భాగం చదివిన మా మేనకోడలు పట్టుబట్టడంతో 1,150 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించిన బాసిలిస్క్ (ఆ కథలోని మహా విషసర్పం) కోర నమూనాను కూడా నేను అలాగే చూశాను.

రెజిన్‌తో పోత పోసిన ఈ కోర పొడవు 18 సెంటీమీటర్లు. మొన వైపు పాత దంతపు తెలుపు, మొదట్లో చిగుళ్ళ నుంచి పెరికినట్టు ఎరుపు కలిసిన గోధుమ రంగు చక్కగా వేశారు. అయితే అచ్చు రెండు సగాలు కలిసిన గీత లోపలి వంపు పొడవునా గోటికి తగులుతూనే ఉంది. మా ఊరి కొమ్ము పనివారు ఇలాంటి గీతను అరగదీయకుండా సరుకును కొట్టు గడప దాటనివ్వరు.

అసలు లోపం వేరే ఉంది. విషసర్పం కోర ఇంజెక్షన్ సూది వంటిది. కంటి వెనుక తిత్తిలో ఊరిన విషం నాళం గుండా కోరలోకి దిగి, సరిగ్గా మొన దగ్గర కాక, దానికి కాస్త పైన ముందువైపున ఉండే సన్నని రంధ్రం నుంచి బయటికి వస్తుంది. ఈ నమూనా మాత్రం మొదలంటా గట్టి ముద్ద. పెట్టె విప్పగానే పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి, "మావయ్యా, మరి విషం ఎక్కణ్ణుంచి వస్తాది?" అని అడిగింది.

అడగవలసిన ప్రశ్నే. కథలో ఆ కోరను ఆయుధం చేసింది పదును కాదు, విషం. 1998లో వచ్చిన ఆ నవలలో హ్యారీ తన చేతిలో దిగి విరిగిన కోరతోనే దుష్ట మాంత్రికుడు రిడిల్ మాయ డైరీని పొడిస్తే, అందులోంచి సిరా ధారలు కడుతుంది. 2007 నాటి చివరి భాగంలో, పాము చచ్చి ఏళ్ళు గడిచాక దాని అస్థిపంజరం నుంచి పెరికిన కోర హఫుల్‌పఫ్ అనే పాతకాలపు మంత్రగత్తె గిన్నెను నాశనం చేస్తుంది. తిత్తి లేని విడి కోరలో అంతకాలం విషం ఎలా నిలిచిందని ఎవరైనా అడగవచ్చు గాని, ఎండిన పాము విషం నిజంగానే చాలాకాలం శక్తి కోల్పోదు కనుక రచయిత్రి ఊహ నేల విడిచిన సాము కాదు.

కొమ్ము బొమ్మల కొట్టాయనకు చూపిస్తే, "మొన గట్టిగా, మొదలు బోలుగా ఉండేది గేదె కొమ్మేనండి, దీనికన్నా అదే నయం" అన్నారు. ఆకారం వరకు ఆ మాట నిజమే గాని, గోరు జాతి పదార్థమైన కొమ్ముకు పంటి తెలుపు రాదు.

మొన మొద్దుగా ఉంది కనుక పిల్లలకు భయం లేదు. కోరను నిలబెట్టే కర్ర పీట ఒక పక్కకు ఒరుగుతోంది. అలమారలో అలంకారానికి 500 రూపాయలైతే సరిపోయేది. మా మేనకోడలు ప్రస్తుతానికి మొనకు కాస్త పైన నల్ల స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టుకుంది.