గ్యాస్ బాయిలర్ మరమ్మతు: మనమే చేసుకోవడం మేలా, ఇంజనీరును పిలవడం మేలా?

బ్రిటన్‌లో అత్యధిక ఇళ్ళలో గదులను వెచ్చబరిచేదీ, కుళాయికి వేడినీళ్ళు అందించేదీ గోడకు బిగించిన గ్యాస్ బాయిలరే. అది మొరాయించేది సాధారణంగా దాని అవసరం ఎక్కువగా ఉన్న చలి రోజుల్లోనే కాబట్టి, ఇంజనీరు దొరికేలోగా మనమే విప్పి చూద్దామన్న ఆలోచన చాలామందికి కలుగుతుంది. విడిభాగాలను ఆన్‌లైన్‌లో ఎవరికైనా అమ్ముతారు, తయారీదారుల మాన్యువల్‌లు ఉచితంగానే దొరుకుతాయి, ఏ మోడల్‌లో ఏ స్క్రూ ఎక్కడుందో చూపే వీడియోలకూ కొదవ లేదు. ఇంకోవైపు, గ్యాస్ అన్న మాట వినగానే చేతులు వెనక్కి తీసుకుని, రేడియేటర్‌లో చేరిన గాలి వదలడానికి కూడా డబ్బిచ్చి మనిషిని పిలిపించుకునేవారూ ఉన్నారు. ఈ రెండు వర్గాలదీ ఒకటే పొరపాటు: బాయిలరంతా ఒకటే వస్తువని అనుకోవడం. ఆ పెట్టెలో నీరు తిరిగే భాగం వేరు, విద్యుత్తు నడిపే భాగం వేరు, గ్యాస్ మండే భాగం వేరు. ఏది మేలు అన్న ప్రశ్నను ఈ మూడింటికీ విడివిడిగా వేసుకోవాలి.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే వాదనలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది. గ్రేట్ బ్రిటన్‌లో వర్తించేవి 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనలు. గ్యాస్ పరికరం మీద పని చేసే వ్యక్తి ఎవరైనా సరే, ఆ పనికి తగిన సామర్థ్యం ఉన్నవాడై ఉండాలని అవి చెబుతాయి. వృత్తిగా చేసేవారు, వారిని పనిలో పెట్టుకునే సంస్థలు అయితే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. 2009 ఏప్రిల్ 1న, అంతకుముందున్న కోర్గీ అనే నమోదు సంస్థ స్థానంలో వచ్చిన నమోదు వ్యవస్థ ఇదే. తన సొంత ఇంట్లో, ప్రతిఫలం లేకుండా పని చేసుకునే వ్యక్తికి నమోదు తప్పనిసరి అని ఆ నిబంధనలు నేరుగా అనవు. సొంతంగా చేసుకోవాలనే వర్గం పట్టుకుని వేలాడేది ఈ సందునే. అయితే సామర్థ్యం ఉండాలన్న షరతు నుంచి వారికీ మినహాయింపు లేదు. పైగా పరికరం మీద పని ముగిశాక పొగగొట్టం సరిగా పనిచేస్తోందా, మంటకు కావలసిన గాలి అందుతోందా, గ్యాస్ పీడనం లేదా మంట తీసుకునే ఉష్ణశక్తి సరైన హద్దుల్లో ఉందా, పరికరం సురక్షితంగా నడుస్తోందా అని వెంటనే పరీక్షించాలని కూడా అవే నిబంధనలు అంటాయి. ఈ చివరి భాగాన్ని మాత్రం సందు వెతికేవారు అంతగా చదవరు. అద్దెకిచ్చిన ఇంటి విషయంలో ఆ సందు కూడా లేదు: ఏడాదికొకసారి నమోదైన ఇంజనీరు చేత తనిఖీ చేయించి, ఆ పత్రం ప్రతిని అద్దెదారుకు 28 రోజుల్లోగా ఇవ్వడం యజమాని బాధ్యత.

నీటి భాగానికి వస్తే, నా తీర్పు స్పష్టంగా ఇంటివారి వైపే. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు, నీటి ఒత్తిడిని చూపే ప్రెషర్ గేజ్ ముల్లు 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. తగ్గితే నింపే గొట్టం వాల్వు తిప్పి కావలసినంత నీరు ఎక్కించడం, రేడియేటర్లలో గాలి వదలడం, వాటి థర్మోస్టాట్ వాల్వులో ఇరుక్కుపోయిన చిన్న పిన్నును మెల్లగా కదపడం వంటి పనులకు ఇంజనీరును పిలవడం డబ్బు దండగ. గడ్డకట్టే చలిలో బాయిలర్ గుడగుడమని ఆగిపోతే, చాలాసార్లు కారణం ఇంటి బయటకు వెళ్ళే సన్నని ప్లాస్టిక్ గొట్టమే. 2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివి. పొగలోని ఆవిరి చల్లబడి నీరుగా మారి ఆ గొట్టం గుండా బయటకు పోతుంది. అది గడ్డకడితే నీరు వెనక్కి తన్నుతుంది. మరిగే నీళ్ళు కాకుండా గోరువెచ్చని నీళ్ళు గొట్టం మీద పోసి, మంచు కరిగాక రీసెట్ నొక్కితే చాలు.

అయితే నీటి భాగంలోనూ ఆలోచించకుండా చేసే పని చెరుపు చేస్తుంది. ప్రెషర్ వారానికొకసారి పడిపోతుంటే చాలామంది వారానికొకసారి నింపుతూ పోతారు. వేడెక్కిన నీరు వ్యాకోచించినప్పుడు ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి బాయిలర్‌లో గాలి నింపిన ఒక చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో గాలి తగ్గిపోతే, బాయిలర్ వేడెక్కగానే ముల్లు 3 బార్ దగ్గరికి ఎగబాకుతుంది, భద్రతా వాల్వు తెరుచుకుని నీరు బయటకు పోతుంది, చల్లారాక ముల్లు సున్నాకు దిగుతుంది. దీన్ని గమనించకుండా మళ్ళీ మళ్ళీ నింపితే, కొత్త నీటితో పాటు వచ్చే ప్రాణవాయువు రేడియేటర్ల ఇనుమును తినేస్తుంది, ఆ తుప్పు నల్లని మడ్డిగా మారి పంపులోనూ, మంట వేడిని నీటికి అందించే ఉష్ణ వినిమాయకంలోనూ పేరుకుంటుంది, మాటిమాటికీ తెరుచుకున్న భద్రతా వాల్వు చివరికి సరిగా మూసుకోదు. ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అని ఒక రోజంతా గమనించినవారికి లోపం ట్యాంకులో ఉందో, ఎక్కడో గొట్టం కారుతోందో తెలిసిపోతుంది. ఈ గమనింపు పనికి ఇంట్లో ఉండేవాడే తగినవాడు. అరగంట ఉండి వెళ్ళే ఇంజనీరుకు అంత వ్యవధి ఉండదు.

విద్యుత్ భాగం మధ్యస్థం. గోడ మీది థర్మోస్టాట్‌లో బ్యాటరీలు, టైమర్ అమరిక, ఫ్యూజు చూడటం ఎవరైనా చేయవచ్చు. బాయిలర్ లోపలి సర్క్యూట్ బోర్డుకు మాత్రం మెయిన్స్ విద్యుత్తు అందుతుంది. పైగా మంట ఉందా లేదా అని కనిపెట్టే ఎలక్ట్రోడ్ ఎర్తింగ్ మీద ఆధారపడుతుంది, కొన్ని మోడళ్ళలో ఫేజు, న్యూట్రల్ తీగలు తారుమారైనా బాయిలర్ మంటను గుర్తించక ఆగిపోతుంది. అంటే ఇక్కడి పొరపాటు నేరుగా మంట వ్యవహారంలోకి దిగుతుంది.

మంట భాగంలో నా తీర్పు పూర్తిగా మారుతుంది. చేతి నైపుణ్యం చాలదని కాదు. గ్యాస్ వాల్వు మార్చడం, బర్నర్ తలుపు విప్పి శుభ్రం చేయడం యంత్రాలతో అలవాటున్నవారికి పెద్ద కష్టమైన పనులేమీ కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. చిక్కంతా బిగించిన తరువాత వస్తుంది. నేటి బాయిలర్లలో ఫ్యాన్ ఎంత గాలిని లాగితే దానికి తగినంత గ్యాస్ వాల్వు నుంచి కలుస్తుంది. ఫ్యాన్, సీలు, పొగగొట్టం, వాల్వు వీటిలో ఏది కొద్దిగా తేడా వచ్చినా గాలికీ గ్యాస్‌కీ మధ్య పాళ్ళు తప్పుతాయి. అయినా బాయిలర్ వెలుగుతుంది, నీళ్ళు కాగుతాయి, గదులు వెచ్చబడతాయి. మండటం అసంపూర్ణమై కార్బన్ మోనాక్సైడ్ తయారవుతోందన్న సంగతి కంటికీ ముక్కుకీ తెలియదు, ఎందుకంటే ఇంధన గ్యాస్‌కు వాసన కలుపుతారు గానీ ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఇది అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం వంటి తొలి లక్షణాలను చలికాలపు జ్వరమని పొరబడటం తేలిక.

అందుకే ఇంజనీరు పని ముగించాక, పొగలోని వాయువులను కొలిచే ఫ్లూ గ్యాస్ అనలైజర్ గొట్టాన్ని పొగ దారిలో పెట్టి, కార్బన్ మోనాక్సైడ్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య నిష్పత్తి చూస్తాడు. కండెన్సింగ్ బాయిలర్లకు సాధారణంగా అది 0.004 దాటకూడదు. ఈ పరికరం వెల కొన్ని వందల పౌండ్లు, దాని కొలతలను క్రమం తప్పకుండా సరిచూయించాలి (కాలిబ్రేట్ చేయించాలి) కూడా. ఒక్క మరమ్మతు ఖర్చు తప్పించుకోవడానికి దాన్ని కొనేవారు ఉండరు. కాబట్టి మనం ఇంజనీరుకు ఇచ్చే డబ్బు స్క్రూలు తిప్పినందుకని లెక్క వేసుకుంటే అది అన్యాయమైన ధరలాగే కనిపిస్తుంది. ఆ కొలతకు, దాని కింద పెట్టే సంతకానికి ఇస్తున్నామని లెక్క వేసుకుంటే రెండు మార్గాలనూ నిజంగా పోల్చినట్టవుతుంది.

గ్యాస్ అతుకుల విషయానికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలి, 22 అంతస్తుల భవనం ఒక మూల మొత్తం కూలి, నలుగురు చనిపోయారు. విచారణ చివరికి వెళ్ళి ఆగింది వంట పొయ్యికి గ్యాస్ అందించే గొట్టంలో, ప్రమాణాలకు తగని ఒక ఇత్తడి నట్టు దగ్గర. అది బాయిలర్ కాదు, భవన నిర్మాణంలోని బలహీనతే నష్టాన్ని అంతకంత పెంచింది కూడా. అయినా అతుకు బయటకు బాగానే కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదనడానికి అది చాలు.

ఇంతమాత్రాన ఇంజనీరును పిలిస్తే చింత తీరిపోతుందని కూడా అనలేను. గ్యాస్ సేఫ్ కార్డు చెప్పేది ఆ వ్యక్తి సురక్షితంగా పని చేయగలడని. లోపాన్ని త్వరగా, సరిగ్గా కనిపెట్టగలడని కాదు. బాయిలర్ తెర మీద కనిపించిన లోపపు కోడ్ చూసి ముందు బోర్డు, అది కాకపోతే ఫ్యాన్, అదీ కాకపోతే వాల్వు అంటూ మన డబ్బుతో ఊహలను పరీక్షించే రకం ఈ వృత్తిలో లేకపోలేదు. సొంతంగా చేసుకునేవారి ఆగ్రహానికి అసలు మూలం ఇదే, అది న్యాయమైనదే. దానికి విరుగుడు స్క్రూడ్రైవర్ కన్నా లక్షణాలను పద్ధతిగా చెప్పగలగడంలో ఉంది. గదులు వెచ్చబడుతున్నా కుళాయి నీళ్ళు మాత్రం చల్లబడుతున్నాయా, హీటింగ్ ఆఫ్ చేసి ఉన్నా కుళాయి తిప్పినప్పుడు రేడియేటర్లు వేడెక్కుతున్నాయా, బాయిలర్ వెలిగి ఆరిపోతోందా లేక అసలు వెలగడమే లేదా అన్నవి రాసి పెట్టుకుంటే, రెండో ఉదాహరణలో నీటి దారి మళ్ళించే వాల్వు మీదకే అనుమానం నేరుగా వెళ్తుంది. బోర్డు మార్చాలన్న ఇంజనీరును ఎందుకని అడిగే స్థితిలో మనం ఉంటాం. సాయం కోసం తయారీ సంస్థ సొంత ఇంజనీర్లను పిలిచే దారి కూడా ఉంది. చాలా సంస్థలు ముందే నిర్ణయించిన ఒకే రుసుముకు మరమ్మతు చేస్తాయి. ఒకటికన్నా ఎక్కువ భాగాలు పోయాయని అనుమానం ఉన్నప్పుడు గంటల లెక్కన పిలవడం కన్నా ఇదే మేలు. గ్యారంటీ ఇంకా ఉన్న బాయిలర్‌ను మనమే విప్పడమైతే ఏ లెక్కన చూసినా నష్టమే.

ఎవరిని పిలిచినా కార్డు ముందు వైపు ఫోటో, గడువు తేదీ చూసి ఊరుకోకుండా వెనక్కి తిప్పాలి. ఆ వ్యక్తికి ఏయే పరికరాల మీద అర్హత ఉందో రాసి ఉండేది వెనుక వైపే. పొయ్యిలకు అర్హత ఉన్న ప్రతివారికీ బాయిలర్లకు ఉండదు. పని అయ్యాక అనలైజర్ అంకెలను సర్వీసు పుస్తకంలో రాయమని అడగాలి. అనలైజర్ తీయకుండానే మంట భాగం పని ముగిసిందని వెళ్ళబోయేవాడికీ, మనకు మనమే చేసుకోవడానికీ తేడా ఒక్క బిల్లు మాత్రమే. ప్రమాణాలకు తగిన కార్బన్ మోనాక్సైడ్ అలారం బాయిలర్ ఉన్న గదిలో ఎలాగూ ఉండాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఈ పోలికలేవీ వర్తించవు: స్విచ్చులు ముట్టుకోకుండా, కిటికీలు తెరిచి, మీటర్ దగ్గర మీట కట్టేసి, ఇంట్లోంచి బయటకు వచ్చి గ్యాస్ అత్యవసర నంబరు 0800 111 999కి ఫోన్ చేయాలి.