ఫైర్ అలారానికి 12 ఏహెచ్ బ్యాటరీలు: నల్లగొండ ఎండల్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

నల్లగొండ దగ్గరి ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తూ, అక్కడి 8 జోన్ల ఫైర్ అలారం ప్యానెల్‌లో ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ లెడ్-యాసిడ్) బ్యాటరీలను కొన్నేళ్లుగా వాడి, మార్చి, పరీక్షించి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పత్తి బేలు లోపల నిప్పు బయటికి కనపడకుండా గంటల తరబడి రాజుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల గాలిదుమారాలకు లైను తెగి రాత్రంతా కరెంటు లేకపోయినా అలారం పనిచేసి తీరాలి.

ప్యానెల్ 24 వోల్టులది కాబట్టి 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి. సిరీస్‌లో వోల్టేజీ పెరుగుతుంది గానీ ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే ఎన్ని యాంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే సామర్థ్యం) పెరగదు. 7 ఏహెచ్‌వి రెండు పెడితే 14 అవుతుందనే మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

మొదట బిగించిన కాంట్రాక్టరు పెట్టింది 7 ఏహెచ్‌వే. మెయిన్స్ ఆపి, బ్యాటరీ వైరుకు మల్టీమీటరును సిరీస్‌లో కలిపి చూస్తే మామూలుగా 0.22 యాంపియర్లు, కాల్ పాయింట్ (గోడమీది అలారం బటన్) నొక్కి హూటర్లన్నీ మోగించినప్పుడు 1.5 యాంపియర్లు లాగింది. 24 గంటలు నిలిచి, ఆపైన అరగంట మోగాలంటే 5.28, 0.75 కలిపి 6.03 ఏహెచ్ కావాలి. బ్యాటరీ పాతబడి సామర్థ్యం 80 శాతానికి పడిపోయిన రోజున కూడా చాలాలంటే దాన్ని 1.25తో హెచ్చవేయాలి, అప్పుడు 7.54 వస్తుంది. ఫైర్ అలారాలకు అమెరికా ప్రమాణమైన ఎన్ఎఫ్‌పీఏ 72 మామూలు భవనాలకు 24 గంటల తర్వాత 5 నిమిషాల మోతే అడుగుతుంది గానీ, రాత్రిపూట వాచ్‌మన్ ఒక్కడే ఉండే మిల్లులో అరగంటకు తగ్గించడం నాకు సమ్మతం కాదు.

అలా 12 ఏహెచ్‌కు మారాము. దుకాణంలో 18 తీసుకొమ్మన్నారు, కానీ మా ప్యానెల్ చార్జర్ పరిమితి 12 వరకే. అంతకు మించితే ఒకసారి ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ కరెంటు పోయేలోగా నిండదు.

అయితే లెక్క సరిపోయినా మొదటి జత రెండు వేసవులు నిలవలేదు. బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ సుమారు 25 డిగ్రీల వేడిలో, 20 గంటల్లో నెమ్మదిగా వాడితే వచ్చేది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మా ప్యానెల్ రేకుల షెడ్డులో ఉండేది. దానికి తోడు చార్జర్ ఎండాకాలంలోనూ 27.6 వోల్టులే ఇచ్చేది. 40 డిగ్రీల వేడికి 27.1 దగ్గర ఉండాలి. విప్పి చూస్తే ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి పెట్టెకు పట్టేసింది, టెర్మినల్ మీద పచ్చటి చిలుము పేరుకుంది. ప్యానెల్‌ను ఆఫీసు గది గోడకు మార్చి, చార్జర్ వోల్టేజీ సరిచేయించాక పెట్టిన జత ఇప్పుడు నాలుగో ఏడాదిలోనూ బాగా పనిచేస్తున్నది.

చార్జింగ్‌లో ఉండగా 13.6 వోల్టులు చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని నమ్మడం ప్రమాదకరం. ఆ ఉబ్బినదీ అంతే చూపించి, హూటర్లు మోగగానే 11 కిందికి జారింది. ఎండలు ముదరకముందే మెయిన్స్ ఆపి, హూటర్లు మోగిస్తూ రెండింటి వోల్టేజీని విడివిడిగా చూడాలి. ఒకటి పడిపోతే రెండూ కలిపే మార్చాలి, ఎందుకంటే పాతదాని పక్కన పెట్టిన కొత్తది కూడా త్వరగా చెడిపోతుంది.