పాత అంబాసిడర్ ఛార్జింగ్ లోపాలకు ముల్లు మల్టీమీటర్: కొన్నేళ్లు వాడిన తరువాత

కావలిలో మేము నడుపుతున్న మార్క్ 2 అంబాసిడర్‌కు బ్యాటరీని ఛార్జ్ చేసేది ఇప్పటికీ పాతకాలపు డైనమోనే. దాని బదులు కొత్త తరం ఆల్టర్నేటర్ వేయించుకోమని చెప్పని మెకానిక్ లేడు. వేయించలేదు కాబట్టే వోల్టేజిని అంకెలతో కాక ముల్లుతో చూపే ఈ మీటరుతో ఇంత సావాసం.

దీని పనితనం డైనమో పరీక్షలో తెలుస్తుంది. డైనమో మీది డి (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌కు వెళ్లేది) వైర్లు ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న తీగతో కలపాలి. మీటరు ఒక కొనను అక్కడ, రెండోదాన్ని డైనమో ఒంటికి ఆనించి ఇంజన్ వేగం మెల్లగా పెంచాలి. ముల్లు తడబడకుండా 20 వోల్టుల దాకా ఎక్కితే డైనమో మంచిదే, అక్కడితో ఆపేసి కటౌట్‌నూ (డైనమోను బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్చి) వైర్లనూ చూడండి. అసలు కదలకపోతే ముందు బ్రష్‌లు (తిరిగే భాగానికి ఆనుకుని ఉండే కార్బన్ ముక్కలు) చూడాలి. ఒక వోల్టు దగ్గర ఆగితే ఫీల్డ్ కాయిల్‌ను (అయస్కాంత శక్తినిచ్చే తీగచుట్ట), నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌ను (లోపల తిరిగే తీగచుట్ట) అనుమానించాలి. డిజిటల్ మీటరులో ఇక్కడ అంకెలు గంతులేస్తాయి తప్ప ఏమీ అర్థం కాదు.

ఈ మీటరు బాగా ఆదా చేసింది మాత్రం ఎర్త్ విషయంలో, అంటే కరెంటు బండి ఒంటి గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి విషయంలో. నెల్లూరులో ఒక షాపువాళ్లు డైనమో రీవైండింగ్ చేయించాల్సిందేనన్నారు. ఇంటికొచ్చి, ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, డైనమో ఒంటికీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య కొలిచాను. దాదాపు సున్నా ఉండాల్సిన చోట ముల్లు ఒక వోల్టు దాటింది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక కరెంటు తిరిగి రావడానికి ఇంజన్‌ను బండి ఒంటికి కలిపే ఎర్త్ పట్టీయే దారి. దాని బోల్టు కింద పచ్చటి చిలుము పేరుకుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ముందు చూడాల్సింది అదే. గరుకు కాగితంతో రుద్ది బిగించాక డైనమో జోలికి వెళ్లే అవసరమే రాలేదు. (బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీది ఛార్జింగ్ ఎర్ర లైటు మిణుకుమంటే కంగారు పడకండి, డైనమో బండికి అది మామూలే.)

లోపం లేకపోలేదు. నా మీటరులో 10 వోల్టుల రేంజి తరువాత నేరుగా 50. బ్యాటరీ దగ్గర 13.8 వస్తోందా 14.4 వస్తోందా తేల్చాలంటే ఆ తేడా ఒక గీతలోపే. దానికి డిజిటలే మేలు. కొనలు తారుమారైతే ముల్లు వెనక్కి కొట్టుకుంటుంది. వైర్లు ఇంజన్ వేడికి బిరుసెక్కితే మార్చాను. వోల్టేజి చూడటానికి లోపల సెల్ అక్కర్లేదు, డిక్కీలో ఎన్నాళ్లు పడి ఉన్నా తీయగానే పనిచేస్తుంది.

డైనమో బండి ఉన్నవారు తప్పక కొనుక్కోవచ్చు. ఆల్టర్నేటర్ వేయించుకున్నవారికి డిజిటల్ ఒక్కటి చాలు, దీనికి డబ్బు పెట్టకండి.